బహుమతి మాట ఎత్తనని చెప్పి

ఆవిష్కరణ సభ సాయంత్రం అయిదింటికని కార్డులో వేశారు కాబట్టి ఆరింటికి మొదలైంది. బెజవాడ గవర్నరుపేటలో మేడ మీది చిన్న హాలు. ముందు వరసలో అబ్దుల్ రవూఫ్ తెల్ల లాల్చీ వేసుకుని కూర్చుని, కూతురి పుస్తకం చదవకుండా దాని కుట్టు ఎలా పడిందో తడిమి చూస్తున్నాడు. నలభై ఏళ్లు ఊళ్లో వాళ్ల పుస్తకాలకి బైండింగ్ చేసిన మనిషి. చూపు పూర్తిగా పోకముందే ఒక్క పుస్తకం మీదైనా తన ఇంటి మనిషి పేరు చూసుకోవాలని ఆయన ఆశ.

వేదిక మీద ఆ కూతురు, ఫౌజియా మాత్రం పుస్తకాన్ని అట్ట కనపడకుండా ఒళ్లో బోర్లించుకుని కూర్చుంది.

ఆమె పామర్రు డిగ్రీ కాలేజీలో ఇంగ్లీషు చెబుతుంది. రోజూ బస్సులో వెళ్తూ వస్తూ, ఉయ్యూరు దాటేలోగా ఒక పేరా చొప్పున, మూడేళ్లలో పదకొండు ఆఫ్రికా కథలు తెలుగు చేసింది. అన్నిట్లోకీ ప్రాణం పెట్టి చేసింది ఘనాలో సముద్రపు ఒడ్డున ఉండే అబెనా కథ. చేపల వేటకి వెళ్లి తిరిగిరాని తమ్ముడి గురించి రాసింది అబెనా. దానికి విదేశాల్లో పెద్ద బహుమతి వచ్చింది. వచ్చిన మర్నాటి నుంచీ సొంతూళ్లో ఆమె తల ఎత్తుకోలేకపోయింది. తమ్ముడి చావుని తెల్లవాళ్లకి అమ్ముకుందన్నారు. కన్నతల్లి కూడా అదే మాట అని, రెండేళ్లు కూతురితో మాట్లాడలేదు.

అందుకే అనువాదానికి ఒప్పుకుంటూ అబెనా ఒకటే కోరింది. "బహుమతి మాట ఎక్కడా ఎత్తొద్దు. ఒక్క ఊరివాళ్లైనా మా తమ్ముడి కథని ఉత్త కథలా చదవాలి." ఫౌజియా మాటిచ్చింది. నిజానికి ఆమెకి ఆ కథ దొరికిందే బహుమతుల జాబితాలో. ఆ జాబితా లేకపోతే అబెనా అనే మనిషి ఉందనే తెలిసేది కాదు. ఆ సంగతి మాత్రం చెప్పలేదు.

ప్రచురణకర్త విఠల్ చెడ్డవాడేం కాదు. అమ్ముడుపోని పుస్తకాలు పడక మంచం కింద కూడా సర్దుకున్నవాడు. "ఆఫ్రికా కథలంటే ఎవరు కొంటారండీ? ప్రైజొచ్చిన కథంటే కనీసం చేతిలోకి తీసుకుంటారు. అట్ట మీద నేను వేస్తాను, మీరు చూడనట్టు ఊరుకోండి. ఆవిడకి తెలుగొచ్చా ఏవన్నా?" అన్నాడు. కాదంటే పుస్తకం రాదు. ఫౌజియా తండ్రి కళ్లు తలుచుకుని ఊరుకుంది. అట్ట మీద బహుమతి ముద్ర బంగారు రంగులో అచ్చయింది.

సభలో అబెనా తెర మీదికి వచ్చింది. అక్కడ మిట్టమధ్యాహ్నం. బొమ్మ వచ్చింది గానీ, మన సభల ఆచారం ప్రకారం స్పీకరు మొరాయించింది. ఆమె మాట వినపడేది ఫౌజియా చెవిలో ఉన్న ఇయర్‌ఫోన్‌లో మాత్రమే. ముఖ్య అతిథి పూర్ణచంద్రరావు గారు కథ చదవలేదు. అట్ట చూసుకుని ధాటిగా మాట్లాడారు. "అంతర్జాతీయ బహుమతి గెలిచిన రచయిత్రి మన బెజవాడ సభలో ఉండటం మనకెంత గర్వకారణమండీ!" అన్నారు. హాలంతా చప్పట్లు.

"ఎందుకు కొడుతున్నారు? ఏమన్నారాయన?" అని అబెనా అడిగింది.

ఫౌజియా కెమెరా వైపు తిరిగింది. "కథ బాగుందన్నారు," అంది. ఊరుకోకుండా, "నీ తమ్ముడి కోసం ఏడ్చామన్నారు," అని కూడా అంది. ఆ రెండో మాట ఎందుకన్నదో ఆమెకే తెలియదు. తన మీద తనకే అసహ్యం వేసింది.

అబెనా దిగ్గున లేచి వెళ్లి, తలకి గుడ్డ కట్టుకున్న ఒక పెద్దామెని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. "మా అమ్మ. నా కథ మాటెత్తితే లేచిపోయేది. మీరు ఏడ్చారని చెప్పాను, వచ్చింది." పెద్దామె రెండు చేతులూ పైకెత్తి వాళ్ల భాషలో ఏదో అంది. అబెనా దాన్ని ఇంగ్లీషు చేసింది. "బహుమతి చూసి కాకుండా నా కొడుకుని చూసి ఏడ్చిన తల్లులకి దండం, అంటోంది. వాళ్లకి చెప్పు ఫౌజియా."

ఫౌజియా మైకు అందుకుంది. అందరి ఒళ్లలోనూ ఆ బంగారు ముద్రలే.

"ఈ అమ్మగారు మీ అందరికీ నమస్కారాలు చెబుతున్నారు," అంది. మళ్లీ చప్పట్లు.

ఆ ఊపులో విఠల్ లేచాడు. పాపం, సంబరంగానే లేచాడు. "వాళ్లకీ చూపిద్దామండీ!" అంటూ పుస్తకం తీసి కెమెరాకి ఆనించినంత దగ్గరగా పెట్టాడు. ఫౌజియా చెయ్యి అడ్డం పెట్టేలోపే అబెనా చూసేసింది. తెలుగు రాకపోతేనేం, తన బహుమతి ముద్ర తను గుర్తుపట్టలేదా?

ఆమె నవ్వు మొహం మీదే ఆగిపోయింది. నాలుగు తిట్లు తిట్టినా బాగుండేది. ఆ ముద్రని ఎన్నడూ చూడని తల్లి, దాని మీదికి వేలు చూపించి ఏదో అడిగింది. అబెనా తల వంచుకుని మెల్లిగా రెండు ముక్కలు చెప్పింది. ఆ భాష ఫౌజియాకి రాదు. పెద్దామె మాత్రం ఇంకా నవ్వుతూనే, బంగారు రంగు భలే ఉందన్నట్టు తలాడించింది. అబెనా చెయ్యి కెమెరా మీదికి వచ్చింది. తెర నల్లబడింది.

"ఏమంటున్నారు బేటీ వాళ్లు?" ముందు వరసలోంచి అబ్దుల్ రవూఫ్ ఆత్రంగా అడిగాడు.

"పుస్తకం చాలా బాగా వచ్చిందంటున్నారు, అబ్బా," అంది ఫౌజియా.