మూతి ముక్క

రాదివోయె చనిపోయిన నలభయ్యో రోజున అతని పిల్లనగ్రోవి కూడా ఇంట్లోంచి పోయింది. దొంగలెవరూ ఎత్తుకుపోలేదు. అతని భార్య వుకోసావా సమాధి దగ్గర ఉడికించిన గోధుమలు పంచుతున్న వేళ, అతని అక్క జాగోర్కా బీరువా తెరిచి తమ్ముడి కోటు, బూట్లు, ఉన్ని టోపీ తీసి బల్ల మీద పరిచింది. వాటి పక్కన పిల్లనగ్రోవిని పెట్టింది. కొవ్వొత్తి వెలిగించి, అన్నిటినీ పక్కింటి ల్యుబింకో చేతిలో పెట్టింది. పోయినవాడి వస్తువులు అతని ఈడువాడికి ఇస్తే, ఇతను వాడుకున్నంతా పరలోకంలో అతనికి అందుతుందని నమ్మకం. అలా ఇచ్చినదాన్ని తిరిగి అడగడమంటూ ఉండదు.

వుకోసావా ఇంటికి వచ్చేసరికి ల్యుబింకో ఆ కోటు తొడుక్కుని బంతిలో కూర్చుని ఉన్నాడు. కోటును చూసి ఆమె చలించలేదు. కోటు జేబులోంచి పిల్లనగ్రోవి మూతి బయటికి కనబడింది. అప్పుడు వంటింట్లోకి వెళ్ళింది.

"వదినా, అదెందుకిచ్చావు?"

"ఏదే?"

"పిల్లనగ్రోవి."

జాగోర్కా చేతిలోని గరిటె పక్కన పెట్టింది. "కోటు ఒంటికి, అది ఊపిరికి. అక్కడ కూడా వాడు దగ్గుతూ కూర్చోవాలా? అయినా నీకెందుకే, నువ్వేమన్నా పీలుస్తావా?"

వుకోసావా ఉద్యోగం చేసినన్నాళ్ళూ బడిలో భాషే చెప్పింది. ఏ మాట ఎక్కడ పడాలో ఆమెకు తెలుసు. ఆ రోజు మాత్రం ఊరవేసిన మిరపకాయల గిన్నె అందుకుని బంతి దగ్గరికి వెళ్ళి వడ్డించింది. ల్యుబింకోకీ వడ్డించింది.

పిల్లనగ్రోవి అన్న పేరు పెట్టింది ల్యుబింకోయే. నిజానికది మూలికల ఆవిరి పీల్చే సాధనం. పిడికిట్లో ఇమిడే కర్ర గొట్టం, దాని కొసన చిన్న ఉక్కు గిన్నె, గిన్నె అడుగున జల్లెడ, పైన మూత. గిన్నెలో ఎండిన ఆకు కూరి లైటరు మంట చూపిస్తే, మూత వేడెక్కి టిక్కుమంటుంది. అక్కడితో మంట తీసేయాలి. ఆకు ఆవిరిని వదలాలి తప్ప కాలకూడదు. సిగరెట్లతో పాడైన ఊపిరితిత్తులు ఇక బాగుపడవని డాక్టరు చెప్పాక, రాదివోయె దాన్ని బెల్‌గ్రేడ్ నుంచి తెప్పించుకున్నాడు. కొండ మీద కోసి ఎండబెట్టిన ఆకుతో పీల్చేవాడు. 'తల్లి ప్రాణం' అని ఆ మూలిక పేరు. దానితో జబ్బు నయం కాదని మొగుడూ పెళ్ళాలిద్దరికీ తెలుసు. చేతికీ నోటికీ పని ఉంటే సిగరెట్టు గుర్తుకు రాదు, అంతే.

దానితో వచ్చిన బీచ్ చెట్టు కర్ర గొట్టం అతనికి నచ్చలేదు. చేతిపనుల మేష్టారుగా చేసిన మనిషి. డ్రెన్ కర్ర తెచ్చాడు. అది ఇనుములాంటి కర్ర, వేడికి లొంగదు. తానే చిత్రిక పట్టాడు, తానే తొలిచాడు. బొటనవేలు ఆనడానికి చిన్న గుంట తీశాడు. నోట్లో పెట్టుకునే మూతి చెక్కే వేళకు చేతులు వణకడం మొదలైంది. పైగా కింది పళ్ళు రెండు లేవు, గుండ్రటి మూతి పెడితే ఆ సందులోంచి గాలి పోతుంది. వుకోసావా తేనెమైనం వెచ్చచేసి అతని చేత కరిపించి, ఆ అచ్చు చూసుకుంటూ మూతిని తనే చెక్కింది. పళ్ళు లేనిచోట కాస్త ఉబ్బెత్తుగా వదిలేసింది. ఆ తర్వాత అతను నమిలి నమిలి, దాని మీద తన పళ్ళ గాట్లు పెట్టుకున్నాడు.

శనివారం పొద్దున దాన్ని విప్పి శుభ్రం చేయడం ఆమె పని. జల్లెడనూ గిన్నెనూ మందుల షాపు స్పిరిట్లో నానబెట్టేది. గొట్టం లోపల మాత్రం పొడి బ్రష్షే, తడి తగిలితే కర్ర ఉబ్బుతుంది. బయట ఒక్క చుక్క అక్రోటు నూనె గుడ్డతో రుద్దేది.

"నా ఊపిరితిత్తులు కూడా ఇలా విప్పి కడగరాదూ, టీచరమ్మా" అనేవాడు అతను కుర్చీలోంచి.

"ముందు లేచి నోరు కడుక్కో. ఇది కంపు కొడుతోంది."

అతను పోయాక ఆమె దాన్ని విప్పలేదు. ల్యుబింకో చేతికి వెళ్ళేనాటికి గిన్నెలో అతను సగం పీల్చిన ఆకు అలాగే ఉంది.

చలికాలమంతా ఆమెకు కంచె అవతల్నుంచి ఆ టిక్కుమనే చప్పుడు వినబడుతూనే ఉంది. ల్యుబింకో బస్సు నడిపి రిటైరైనవాడు. భోజనం కాగానే వరండాలో కూర్చుని అంటించేవాడు. టిక్కుమన్నాక కూడా మంట తీసేవాడు కాదు. తర్వాత వచ్చేది ఆవిరి వాసన కాదు, పొగాకు వాసన.

ఒకనాడు ఆమె కంచె దగ్గరికి వెళ్ళింది. "టిక్కుమనగానే ఆపాలి, ల్యుబింకో."

"మళ్ళీ బడిలో కూర్చోబెట్టారుగా నన్ను" అని నవ్వాడతను. మంట తీసేశాడు. మర్నాడు మళ్ళీ మామూలే.

మంచు కరిగే రోజుల్లో ఒక సాయంత్రం అతనే గుమ్మంలోకి వచ్చాడు. రాదివోయె కోటు వేసుకునే వచ్చాడు. చేతిలో గళ్ళ రుమాలు చుట్టిన పొట్లం.

"ఒక మాట చెప్తాను, తిట్టకండి టీచరుగారూ."

"కూర్చో."

పొట్లం విప్పాడు. గొట్టం నల్లబడి, అక్కడక్కడా ఉబ్బి ఉంది. మూతి ఉండాల్సినచోట మొండి, దాని మీద రంపం గీతలు.

"తారు పట్టేసింది. ఎంత లాగినా రాదు. శుభ్రం చేద్దామని రాత్రి రాకియా సారా సీసాలో వేసి పెట్టాను. మా తోట ఆల్బకరా పళ్ళది, గట్టిది. గాయానికదే, పంటినొప్పికదే, కిటికీ అద్దాలకదే, దీనికి చేదవుతుందా అనుకున్నాను. పొద్దున చూస్తే మూతి దగ్గర పగిలిపోయింది. పగులు ఎంతవరకుందో అంతవరకు కోసేశాను."

"కోసిన ముక్క ఏది?"

"ఏ ముక్క?"

"మూతి."

"పొయ్యిలో వేశాను. డ్రెన్ అంటే డ్రెనే, టీచరుగారూ. అంత చిన్న ముక్క ఎంతసేపు మండిందనుకున్నారు."

మెచ్చుకుంటున్నట్టే అన్నాడు ఆ మాట. వుకోసావా రుమాలు అంచులు సరిచేసింది. ఒక మూల మడతపడి ఉంటే దాన్నీ సరిచేసింది.

"నీకు కొత్తది తెప్పిస్తాను, ఇంతకన్నా మంచిది" అంది. "ఇది నాకిచ్చెయ్యి."

ల్యుబింకో టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు. "నాదేముంది, ఈ క్షణాన వదిలేసి పోతాను. కానీ కొవ్వొత్తి ముందు పుచ్చుకున్నాను కదా. జాగోర్కా నన్ను వీధిలో నడవనిస్తుందా?" నేల చూస్తూ అన్నాడు. "అదీ కాక, నేను పీల్చినప్పుడల్లా వాడికి అందుతోందనుకుంటున్నాను. లేకపోతే నాకీ గొట్టమెందుకు, నా సిగరెట్లు నాకు లేవా? ఆ గడ్డి పీలుస్తూ మేకలా ఎన్నాళ్ళు గడిపాడు పాపం. ఇంకెలాగూ ప్రాణభయం లేదు, ఇప్పుడైనా పొగాకు పీల్చుకోనీ అని అదే కూరాను. వాడి బ్రాండే, వెతికి మరీ కొన్నాను."

ఆమె అతన్ని చూసింది. ఆ ముఖంలో వేళాకోళం లేదు. అది ఉండి ఉంటే లేచి తలుపు చూపించేది.

"జాగోర్కా చెప్పింది, మూతి చెక్కింది మీరేనని. నాకూ ఒకటి..."

వుకోసావా లేచి పొయ్యి మీద నీళ్ళ గిన్నె పెట్టి, వేడి నీళ్ళలో తేనెమైనం ముద్ద వేసింది. మెత్తబడ్డాక తీసి, చిటికెన వేలంత లావు చేసి, అతని ముందుకు తెచ్చింది.

"నోరు తెరువు."

"పళ్ళ డాక్టరు దగ్గర కూడా ఇంత భయం వెయ్యలేదు."

"మాట్లాడకుండా కరువు."

అచ్చు తీసి దీపం కింద చూసింది. పైనా కిందా పళ్ళన్నీ ఉన్నాయి, వరస తప్పకుండా ఉన్నాయి. రాదివోయె అచ్చు లేదు. మూతి చెక్కిన ఏటి చలికాలంలోనే మేడ తలుపు బిగుసుకుపోతే, ఇక దాంతో పనేముందని, ఆ మైనమే గుమ్మానికి రాశాడతను. అచ్చుతో చేసిన మూతి ఉంది కదా అని ఆమె కూడా ఏమీ అనలేదు.

ఆదివారం ప్రార్థన కాగానే జాగోర్కా వచ్చింది. తల మీది నల్ల గుడ్డయినా విప్పకుండా బల్ల వైపు చూసింది.

"ఎంతవరకు వచ్చింది?"

"చేస్తున్నాను."

"తొందరగా కానివ్వవే. వాడికక్కడ ఊపిరాడక ఎన్నాళ్ళయిందో."

"ఊపిరాడకే పోయాడు, వదినా."

జాగోర్కా కుర్చీలో కూలబడింది. "నాకు తెలియదా? ఆ వేళ ఆస్పత్రి వరండాలో నిలబడి వింటూనే ఉన్నాను. లోపలికి రాలేకపోయాను. నువ్వున్నావు లోపల." ముక్కు తుడుచుకుంది. "నేను వాడికి చేసింది ఇదొక్కటే. దీన్ని కూడా నువ్వే లాక్కోవాలా?"

వుకోసావా ఆమెకు కాఫీ పెట్టి ఇచ్చింది. ఇద్దరూ తాగారు. పంచదార వేయడం మర్చిపోయినా జాగోర్కా అడగలేదు.

తర్వాత వారంలో వుకోసావా గిన్నెనూ జల్లెడనూ స్పిరిట్లో నానబెట్టి, పొగాకు తారంతా గోకి తీసింది. రాదివోయె దాచుకున్న డ్రెన్ కర్రల్లోంచి ఒకటి ఎంచి, అతని బర్మాతోనే తొలిచింది. బొటనవేలి గుంట తీసింది. ఉక్కు గిన్నె గొట్టంలో బిగుతుగా కూర్చుంది. మూతి దగ్గరికి వచ్చి, ల్యుబింకో అచ్చు ఎదురుగా పెట్టుకుని కత్తి పట్టింది. చూపు అచ్చు మీదే ఉంది, చెయ్యి మాత్రం కింది వైపు రెండు పళ్ళ మేర ఉబ్బెత్తు వదిలి చెక్కడానికి పోయింది. కత్తి ఆపింది. అలా చెక్కితే ల్యుబింకో నోట్లో అది కూర్చోదు. అచ్చు ప్రకారం చెక్కితే ల్యుబింకోకి సరిపోతుంది, రాదివోయె నోటికి కాదు.

కంచె అవతల్నుంచి అతను రోజూ అడుగుతున్నాడు. "అయిపోతోంది" అని ఆమె చెబుతోంది. గొట్టానికి నూనె కూడా పట్టించింది. మూతి ఇంకా చెక్కలేదు.