ఎగువ బోరు

మరదలి నర్సరీ బోరుకు సీలు వేస్తామని నోటీసు వచ్చింది. బోరు పోతే నర్సరీ లేదు, నర్సరీ పోతే ఆమెకు బతుకుతెరువు లేదు. పక్కనే ఊరి చెత్తయార్డు. దానికి దిగువన ఉన్న ఈ బోరు నీటిలో ఉప్పు హద్దు దాటితే, చెత్త మురుగు భూమిలోకి దిగిందని అనుమానించాలి. ఈసారి దాటింది.

పరీక్ష చేసింది మా ల్యాబే. చుట్టరికం వల్ల ఆ సీసా నేను ముట్టుకోలేదు. ఆ హద్దు ఎలా కట్టారో మాత్రం తీసి చూశాను. చూసి నవ్వొచ్చింది. మండుటెండలో యార్డు కంపు భరించలేక మావాళ్ళు ఏటా వానలు పడ్డాకే వెళ్ళి నీళ్ళు పట్టుకొచ్చారు. వానల్లో ఉప్పు పలచబడుతుంది. ఎండల్లో, పొయ్యి మీద మరిచిపోయిన పాలలా నీరు చిక్కబడుతుంది. వానాకాలపు హద్దుతో వేసవి నీటిని కొలిచాం.

మా ల్యాబ్ పెద్ద, మేడంకు చెప్పాను.

"మరదలి బోరనేగా ఈ తిరకాసు?"

"అందుకే చూశాను మేడం. యార్డుకు ఎగువన మన బోరుందిగా, చెత్త మురుగు అక్కడికి ఎక్కి రాదు. ఈ ఎండలోనే రెండుచోట్లా వేరేవాళ్ళతో నీళ్ళు తీయించండి. ఎగువన ఉప్పు పెరగకపోతే సీలు నేనే దగ్గరుండి వేయిస్తాను."

ఆ సాయంత్రం విషయం విని మరదలు నడుం మీద చెయ్యి పెట్టుకుంది.

"అక్క ఉంటే ఈ మాట అనేవారా బావగారూ?"

"మీ అక్కయితే ముందే సీలు వేయించేది. ఆ నీళ్ళు నువ్వు తాగుతున్నావుగా."

 ఆమె నాకు మంచినీళ్ళు ఇచ్చింది, బజారులో కొన్న సీసాలోంచి.

ఫలితాలొచ్చాయి. ఎగువ బోరులోనూ ఉప్పు అంతే పెరిగింది. మేడం సీలు ఆపించి, ఇకపై ప్రతి నెలా, ఎండాకాలంతో సహా, రెండు బోర్లూ చూడాలని రాశారు. నీళ్ళు తీసేదీ పరీక్షించేదీ వేరేవాళ్ళే, వాళ్ళను వెంటబెట్టుకు తిరిగే పని మాత్రం నా నెత్తినే పడింది. ఇంట్లో ఒంటరిగా కూర్చునేకన్నా నయమే.

"అయితే నా నీళ్ళు బాగున్నట్టేనా?" అంది మరదలు.

"బాగున్నాయని కాదమ్మా. చెడ్డాయనడానికి ఆధారం లేదు."

"అక్క వంట తిన్నన్నాళ్ళూ మీరు చెప్పింది ఇదేగా!" అని పకపకా నవ్వి, వెళ్ళి మోటారు వేసింది. నారుమళ్ళ మీద నీళ్ళు చల్లగా పడ్డాయి. తడిమట్టి వాసనలో యార్డు కంపు కొంచెం తగ్గింది.