షోరూములో ఎండుగడ్డి

ఆ ఇంట్లో గడ్డికట్టలు కట్టే యంత్రానికి జరిగే మర్యాదలు అల్లుడికి కూడా జరగవు. వాన పడకుండా దానికి టార్పాలిన్ కప్పుతారు, అడగకుండానే గ్రీజు పూస్తారు. ఇంత చేసినా, చేలోకి దిగితే చాలు, అది మొరాయిస్తుంది. నోటినిండా గడ్డి మింగుతుంది, చక్కగా నొక్కుతుంది, తీరా పురికొసతో ముడి వేయాల్సిన చోట చేతులెత్తేస్తుంది. వెనకనుంచి కట్టలకు బదులు కుప్పలు జారిపడతాయి.

అత్తగారికి కడుపు మండిపోతోంది. కోసి, తిరగేసి, ఎండబెట్టిన గడ్డంతా చేలో పరచుకుని ఉంది. పడమట మబ్బు కమ్ముతోంది. తడిస్తే బూజు పడుతుంది, ఇక వచ్చే కోత దాకా ఆవులకు మేత లేనట్టే. విడిగడ్డి తెచ్చి పడేద్దామంటే కొట్టంలో సగం కూడా పట్టదు.

డీలరు దగ్గరికి ఆ యంత్రాన్ని ఎన్నిసార్లు ఈడ్చుకెళ్లారో లెక్కే లేదు. వెళ్లిన ప్రతిసారీ మెకానిక్ నున్నటి గచ్చు మీద, ఒక్క గడ్డిపోచైనా వేయకుండా, ఉత్త పురికొసకే ముడి వేయించి చూపించేవాడు. డీలరు మొదట తప్పు గడ్డిదన్నాడు. తర్వాత పురికొసదన్నాడు. చివరికి నడిపే మనిషిదన్నాడు. నడిపేది అల్లుడే. ఆ మాటకు అతను క్షమాపణ చెప్పి మరీ వచ్చాడు. అత్తగారికి యంత్రం మీదకన్నా అతని మంచితనం మీదే ఎక్కువ ఒళ్లు మండింది.

ఈసారి ఫోను ఆవిడే చేసింది.

"పట్టుకురండమ్మా, చూద్దాం. మా దగ్గరైతే బ్రహ్మాండంగా నడుస్తుంది" అన్నాడు డీలరు.

"మీ దగ్గరైతే నడుస్తుందా?"

"గ్యారంటీగా!"

ఆవిడ ఫోను పెట్టేసి అల్లుడి వైపు తిరిగింది. "పక్క చేల వాళ్ల ట్రాలీలు కూడా అడుగు. గడ్డంతా ఎక్కించేద్దాం."

"ఎక్కడికి అత్తయ్యా?"

"నడిచే చోటికి."

షోరూములో గచ్చు అద్దంలా మెరుస్తోంది. మధ్యలో రంగు వెలవని కొత్త యంత్రం, దాని పక్కన నిలబడి చేతులు తిప్పుతూ చెబుతున్న డీలరు, వింటున్న కొత్త ఖాతాదారు. బయట చినుకులు మొదలయ్యాయి. పెద్ద తలుపులు బార్లా తెరిపించి, అత్తగారు ట్రాక్టరుతో సహా తమ యంత్రాన్ని లోపలికి తోలించి, గడ్డి పోయించడం మొదలుపెట్టింది.

"అమ్మా! ఏంటమ్మా ఇది?" డీలరు గుడ్లు తేలేశాడు.

"చేను మోసుకురాలేం కదా బాబూ. గడ్డే తెచ్చాం. ఏదీ, నడిపించండి."

కొత్త ఖాతాదారు ఎదుట కాదనలేక డీలరు మెకానిక్‌కి సైగ చేశాడు. మెకానిక్ ట్రాక్టరెక్కి నడిపాడు. యంత్రం మింగింది, నొక్కింది, డీలరు బూట్ల మీద ఇంత కుప్ప కక్కింది.

"పోనీ, ఈ కొత్తదాంతో కట్టి చూపించండి. నేను కొనబోయేది ఇదే కదా" అన్నాడు ఖాతాదారు.

డీలరు నీళ్లు నమిలాడు. "ఇప్పుడు దాంతో ఎందుకులెండి..."

ఖాతాదారు గొడుగు తీసుకుని బయటికి నడిచాడు. బయట వాన దంచి కొడుతోంది.

అత్తగారు పురికొస ఉండ తెచ్చి డీలరు చేతిలో పెట్టింది. "కట్టలు కట్టందే ఈ గడ్డి ఇక్కణ్ణించి కదలదు బాబూ. కూర్చోండి, చేత్తోనే కడదాం."

ఇంకో దారి లేక డీలరు ఇస్త్రీ చొక్కా చేతులు మడిచి, మెకానిక్ పక్కన చతికిలబడ్డాడు. ముక్కుతూ మూలుగుతూ ఒక కట్ట కట్టి, ఎత్తి చూపించబోయాడు. ముడి ఊడిపోయింది. గడ్డంతా ఒళ్లో పడింది.

"తప్పు గడ్డిదంటారా, పురికొసదంటారా?" అంది అత్తగారు.

డీలరు ఒళ్లో గడ్డి దులుపుకున్నాడు. అంతవరకూ తలొంచుకుని కట్టలు కడుతున్న అల్లుడు తలెత్తాడు.

"నడిపే మనిషిది అత్తయ్యా" అన్నాడు.