యోరున్ నీడ

వేగార్ ఇంట్లో తిన్నగా పనిచేసే వస్తువు ఒక్కటీ లేదు. అన్నిటికీ తెలివి నేర్పాడు మహానుభావుడు. వాఫుల్స్ పోసే పెనానికి వేడి కొలిచే పరికరం తగిలించాడు. అది పిండి వెయ్యకముందే మాడిపోయిందని కేకలు పెడుతుంది. కిటికీలో కెమెరా పెట్టి, వీధిలో ఎవరి కట్టెలు ముందు అయిపోతాయో చెప్పే ప్రోగ్రాం రాశాడు. దాని లెక్క నిజమై పక్కింటివాళ్ళ కట్టెలే అయిపోయేసరికి, వాళ్ళు చలికాలమంతా అతనితో మాట్లాడలేదు. ఓస్లోలో ఏదో కంపెనీకి ఇంటినుంచే పనిచేస్తాడు. పొద్దున్న కాఫీ, సాయంత్రందాకా కోడు, ఆ తర్వాత కాళ్ళకు మంచు మీద జారే స్కీలు తగిలించుకుని అడవిలోకి. శుక్రవారమొస్తే టాకోలు, అంటే మాంసమూ కూరముక్కలూ పెట్టి చుట్టిన రొట్టెలు. మా గ్రోందాల్‌లో శుక్రవారం పూట టాకోలు తినని ఇల్లు లేదు, అందులో అతని గొప్పేమీ లేదు.

అక్టోబరులో సూర్యుడు దక్షిణపు కొండ వెనక్కి దిగాడంటే మళ్ళీ మార్చిదాకా మాకు మొహం చూపించడు. ఆయన వెనకే మా నీడలూ పోతాయి. ఆ సాయంత్రం అందరం వంతెన దగ్గర నిలబడి సాగనంపుతాం, పిల్లలు చేతులూపుతారు. మార్చిలో తొలి ఎండ పడే రోజున తిరిగొస్తాయి. ఆ రోజు చౌకులో కాఫీ అమ్మే బోర్గిల్ సూర్యుడి పేరు మీద తీపి రొట్టెలు కాలుస్తుంది. తలా ఒకటి తిని, ఎవరి నీడ వాళ్ళ కాళ్ళకిందకు చేరిందో లేదో చూసుకుని ఇళ్ళకు పోతాం.

మధ్యలో ఆ చీకటి నెలలకోసం ఉత్తరపు కొండ నెత్తిన పెద్ద అద్దం పెట్టించుకున్నాం. అది అక్కడి ఎండను పట్టి కిందున్న మా చౌకులో పోస్తుంది. మధ్యాహ్నం పూట ఆ వెలుగులో కుర్చీలేసుకుని, గొర్రెతోళ్ళు పరుచుకుని, నీడలేని జనమంతా కాఫీ తాగుతాం. ఊరు చూడ్డానికొచ్చినవాళ్ళు మాత్రం ఫోటోలు తీసుకుని, ఇంటికెళ్ళాక వాటిని చూసి బుర్ర గోక్కుంటారట. సూర్యుడితోపాటు ఆ అద్దాన్ని తిప్పే ప్రోగ్రాం వేగార్‌దే. పైసా తీసుకోకుండా రాసిచ్చాడు, మంచివాడే.

నిరుడు మార్చిలో అతని భార్య యోరున్ నీడ తిరిగి రాలేదు.

అలాంటిది మా ఊళ్ళో అప్పుడప్పుడూ జరిగేదే. నీడ ఎక్కడో నచ్చినచోట ఆగిపోయిందంటే మనిషి కూడా దాని వెనకే వెళ్ళిపోతుంది. బోర్గిల్ అన్నకు అలాగే అయింది. మరుసటి ఏడు ఉత్తరాన ఏదో ఓడ ఎక్కాడు, అంతే, మళ్ళీ గడప తొక్కలేదు. ఎవరూ ఆపరు. ఏమని ఆపుతారు?

యోరున్ ఆసుపత్రిలో విరిగి అతికిన కాళ్ళకూ చేతులకూ మళ్ళీ నడక, పట్టు నేర్పుతుంది. అది జీతానికి చేసే పని. ప్రాణం పెట్టి చేసిన పని వేరే ఉంది. నదికి అవతల, దక్షిణపు కొండ ఒడిలో, స్కీల మీద జారుకుంటూ వచ్చి అంచు నుంచి గాల్లోకి దూకే కొండ ఉంది. చిన్నప్పటినుంచీ ఆమె అక్కడ దూకింది, పెద్దయ్యాక పిల్లలకు నేర్పింది. "నేలను చూడకండర్రా, మీ నీడను చూడండి. మీరు దిగుతుంటే అది మీకు ఎదురొస్తుంది. అది కాళ్ళకు తగిలినచోటే నేల," అని చెప్పేది. వేసవిలో కూడా ఎండ తగలని చోటు కదా, అక్కడ నీడలెక్కడివి అంటే, "పెద్ద దీపాలున్నాయిగా!" అని నవ్వేది. పిల్లలు తగ్గిపోయారని చివరికి ఆ దూకుడు క్లబ్బు మూసేశారు. క్లబ్బు పెద్దాయన ఓడ్‌వార్ గేటుకు తాళం వేస్తుంటే, మంచులేని రోజుల కోసం పరిచిన ప్లాస్టిక్ చాపల మీద యోరున్ ఆఖరిసారి దూకింది. దీపాలు ఆర్పేశారు. వెనక్కి చూడకుండా ఇంటికొచ్చేసింది. అక్టోబరు అది, నీడలు పోయే రోజులు. ఆమె నీడ కూడా అందరి నీడలతో పోయిందనే అనుకున్నాం.

ఈ ఫిబ్రవరిలో ఒక శుక్రవారం టాకోలు చుడుతూ యోరున్ అంది:

"స్టావంగర్ ఆసుపత్రివాళ్ళు ఫోన్ చేశారు. ఏప్రిల్లో చేరమంటున్నారు."

"ఏమన్నావు?"

"సూర్యుడొచ్చే రోజుదాకా ఆగమన్నాను. ఈసారి కూడా నా నీడ రాకపోతే వెళ్ళిపోతాను వేగార్."

"అయితే నేనూ వస్తాను."

"నీ నీడ ఏటా కుక్కపిల్లలా అందరికంటే ముందు పరిగెత్తుకొస్తుంది. ఈ ఊరొదిలి నువ్వు ఎన్నాళ్ళుండగలవు?"

"ఇక్కడ నీకేం తక్కువైంది?"

"నేల మీద నిలబడ్డానో లేదో తెలియట్లేదు. ఏం తిన్నా మట్టి తిన్నట్టుంది. నువ్వు దగ్గరకు తీసుకున్నా, ఎవర్నో తీసుకుంటున్నావు, నన్ను కాదు అనిపిస్తోంది."

వేగార్ టాకో పళ్ళెంలో పెట్టేశాడు. వెళ్ళొద్దు అనే మాట గొంతులోనే ఉంది, బయటికి రాదే! మా ఊరి మగాళ్ళకు అదో జబ్బు. ఏడుపొస్తే కొందరు కట్టెలు కొడతారు, ఇతను కోడు రాస్తాడు.

అదే రాశాడు. పెళ్ళినాటివీ, వేసవి సెలవుల్లోవీ ఫోటోలన్నీ పోగేసి, యోరున్ నీడను గుర్తుపట్టడం ప్రోగ్రాంకు నేర్పాడు. ఎవరి నీడ తీరు వారిది. యోరున్ నీడ ఎడమ భుజం కాస్త దించి నడుస్తుంది, ఆగినప్పుడు మడమలెత్తుతుంది. మొదట్లో ఆ ప్రోగ్రాం ఫోటోలోని చర్చి గంట నీడను కూడా యోరున్‌దే అంది. తిట్టుకుంటూ సరిచేశాడు. అద్దం పక్కనున్న కెమెరాకు దాన్ని కలిపాడు. నీడ ఎటు పోయిందో జాడైనా దొరకదా అని అతని ఆశ.

తర్వాతి వారం శనివారం మధ్యాహ్నం ఊరంతా చౌకులో ఉంది. యోరున్ కూడా బోర్గిల్ దగ్గర కాఫీ తీసుకుంటోంది. వేగార్ బెంచీ మీద కూర్చుని ఒళ్ళో కంప్యూటర్ తెరిచాడు. ఉన్నట్టుండి వెలుగు మా ఒళ్ళోంచి లేచి వెళ్ళిపోయింది.

"ఓరి నీ అద్దం బంగారంగానూ! మా ఎండ ఎటు తోలుకుపోయావురా?" అని బోర్గిల్ గరిటె ఎత్తింది.

"వాడి పెనానికి పట్టిన పిచ్చే దీనికీ పట్టింది," అన్నాడు ఓడ్‌వార్.

వేగార్ మీటలు నొక్కుతూనే ఉన్నాడు. వెలుగు చర్చి కప్పు మీదుగా పాకింది, బడి గోడ తడిమింది, గడ్డకట్టిన నది వెంట మెల్లగా పోయింది. ఎక్కడా ఏమీ లేదు. ఇక వెతకనిది ఆ దక్షిణపు కొండ ఒడి ఒక్కటే. మంచు కరగకూడదని మా పెద్దలు ఏరికోరి దూకే కొండ కట్టిన చోటు అది. ఎండాకాలంలో కూడా సూర్యుడు తొంగిచూడడు. అక్కడ ఎండ పడటం మాలో ఎవరం చూడలేదు.

వెలుగు వంతెన దాటి ఆ కొండ మీద పడింది. వేగార్ ఒళ్ళో కంప్యూటర్ కూత పెట్టింది.

తెల్లటి వాలు మీద, పైన మనిషి లేకుండా, ఒక నీడ. జారుడు బాట వెంట వంగి దూసుకొచ్చింది. అంచు దగ్గర లేచింది. చేతులు వెనక్కి చాచి మంచు మీదుగా తేలింది, తేలుతూనే ఉంది. చప్పుడు లేదు. కింద మెత్తగా ఆగి, మడమలెత్తి నిలబడింది, తర్వాత మళ్ళీ పైకి నడక మొదలుపెట్టింది, ఎడమ భుజం కాస్త దించి.

ఓడ్‌వార్ టోపీ తీసేశాడు. నా మటుకు నాకు ఒళ్ళు జలదరించింది, ఇప్పుడు చెబుతుంటే కూడా.

"చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికాం కదర్రా," అంది బోర్గిల్ చివరికి. "అది పోతే కదా తిరిగి రావడానికి!"

యోరున్ చేతిలో కాఫీ ఒలికిపోతోంది. "అదింకా దూకుతూనే ఉంది," అంది. చెంపలమీద నీళ్ళు కారుతున్నా తుడుచుకోలేదు. "ఆ చీకట్లో ఒక్కతీ దూకుతూనే ఉంది. నేనే వదిలేసి వచ్చాను."

"వెళ్ళి తెచ్చుకో," అన్నాడు వేగార్. "వెలుగు నేను పట్టుకుంటాను."

మర్నాడు ఊరు ఊరంతా పారలు పట్టుకుని వంతెన దాటింది. అందరిదీ అయిన పనికి అందరం వెళ్ళాల్సిందే, మా దగ్గర అడిగించుకునే అలవాటు లేదు. ఓడ్‌వార్ తాళం తీశాడు. మంచు తొక్కి వాలు గట్టిపరిచాం, జారుడు బాట చెక్కాం. బోర్గిల్ కాఫీ కూజాలు మోసుకొచ్చింది. మధ్యాహ్నానికి యోరున్ పాత స్కీలు భుజానేసుకుని మెట్లెక్కింది.

వేగార్ వాలు కింద మంచులో కూర్చున్నాడు. అద్దం తిరిగింది, వెలుగు వచ్చింది. పైన, బాట మొదట్లో, నీడ కూడా ఆమె పక్కన కాస్త ఎడంగా, ఎవరో కొత్త మనిషిని చూసినట్టు నిలబడి ఉంది.

సరిగ్గా అప్పుడే గాలి లేచింది. అద్దం వణికింది, వెలుగు అటూ ఇటూ ఊగిపోతోంది. సూర్యుడి దారి తెలిసిన ప్రోగ్రాంకు గాలి సంగతేం తెలుసు? అది సర్దేకొద్దీ వెలుగు ఇంకా పక్కకు పోతోంది.

"దిగిరమ్మని కేకెయ్యి!" అన్నాడు ఓడ్‌వార్. "దిగేచోట వెలుగు లేకపోతే నీడ కనపడదు. నేలెక్కడుందో యోరున్‌కు తెలియదు. కాళ్ళు విరుగుతాయిరా!"

అప్పటికే యోరున్ బాట మీదకు జారింది.

వేగార్ ప్రోగ్రాం ఆపేశాడు. కంప్యూటర్ వంక కూడా చూడకుండా, కొండ వంకే చూస్తూ, మీటల మీద వేళ్ళతో అద్దాన్ని తానే నడిపాడు. గాలి అటు తోస్తే ఇటు, ఇటు తోస్తే అటు. పెదవి కొరుక్కుని రక్తం వస్తున్నా అతనికి తెలియలేదు. వెలుగు ఒక్క క్షణం తప్పి, మళ్ళీ వచ్చి, నిలిచింది.

అంచు దగ్గర ఇద్దరూ కలిసే లేచారు, పైన మనిషి, కింద నీడ. గాలిలో ఆమె, మంచు మీద అది. ఆమె దిగేకొద్దీ అది ఎదురొచ్చింది. దగ్గరైంది, ఇంకా దగ్గరైంది. స్కీలు మంచును తాకిన చప్పుడు లోయంతా వినపడింది.

వాలు కింద యోరున్ ఆగి స్కీలు విప్పింది. చెయ్యెత్తింది. కాళ్ళ దగ్గర నీడ కూడా చెయ్యెత్తింది. నీడలేని మా అందరి మధ్యా ఆమె ఒక్కతే నీడతో నిలబడి, పగలబడి నవ్వింది.

వేగార్ కంప్యూటర్ మంచులో పారేసి పరిగెత్తాడు. అద్దాన్ని పట్టించుకునేవాళ్ళు లేక వెలుగు మెల్లగా పక్కకు జారుతోంది. రొప్పుతూ ఆమె ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. ఏడాదిగా గొంతులో ఇరుక్కున్న మాట అప్పుడు ఊడిపడింది.

"వెళ్ళొద్దు."

యోరున్ కిందకు చూసింది. అతని బూట్లు రెండూ ఆమె నీడ మీదున్నాయి.

"ముందు దాని మీంచి కాలు తియ్యి," అంది.

"తియ్యను," అన్నాడు వేగార్.