మూడు దగ్గర తెగిన గీత

ఐదో పీరియడ్ అయ్యేసరికి ప్యో సుగ్యోంగ్‌కి గొంతు బొంగురుపోయింది. కొరియాలో మొక్పో అనే ఊళ్లోని ఆడపిల్లల హైస్కూల్లో ఆవిడ ఇరవై ఆరేళ్లుగా లెక్కలు చెబుతోంది. స్టాఫ్ రూంలో కూలబడి బార్లీ టీ అందుకోబోతుంటే ఆవిడ తరగతి పిల్ల మేంగ్ దాఉన్ తన జవాబు పత్రంతో వచ్చి నిలబడింది. మార్కుల మీద అభ్యంతరాలు చెప్పుకోవడానికి అదే ఆఖరి రోజు.

"పదిహేడో ప్రశ్న, టీచర్. నాలుగు మార్కులు పోయాయి."

ఇచ్చిన గీతకు ఏ చోట ఎంత వాలుందో చూసి, ఆ వాలును ఇంకో గీతగా వేయమన్న ప్రశ్న అది. ఇచ్చిన గీత ఎక్కుతూ ఎక్కుతూ నెమ్మదించి, అడ్డగీత మీది మూడు అంకె దగ్గర మోచేయిలా మడతపడి, అక్కణ్ణుంచి తిన్నగా కిందికి జారుతుంది. దాఉన్ వేసిన వాలు గీత మూడు దగ్గర తెగిపోయింది. ఆ బిందువులు లెక్కలోకి రావన్న గుర్తుగా తెగిన రెండు కొసలకీ చిన్న సున్నాలు చుట్టింది. సుగ్యోంగ్ తయారుచేసిన జవాబులో ఆ కొసల్ని ఒక నిలువు గీత కలుపుతోంది.

"కలపాలి కదమ్మా."

"అక్కడ వాలు ఎంతని కలపను, టీచర్?"

సుగ్యోంగ్ పెన్సిల్ని గీతకు ఆనించి చూసింది. ఎడమవైపు నుంచి వస్తే పైకి చూస్తోంది, కుడివైపు నుంచి వస్తే కిందికి. సరిగ్గా మడత మీద ఎటు తిప్పితే అటే ఒరుగుతోంది. తను చెప్పిన పాఠమే. ఏ ఓపికలేని పూట చెయ్యి ఆ గీత లాగేసిందో గుర్తు కూడా లేదు.

"నీదే సరి," అంది.

పక్క బల్ల దగ్గరున్న సీనియర్ టీచరు గుక్ తలెత్తాడు. "ఈ పిల్లకి నాలుగూ వేసి పంపెయ్యండి. ఇంకెవరూ అడగలేదుగా. రెండొందల పద్నాలుగు పేపర్లు మళ్లీ తిరగేస్తారా? అసలే మీ మొహంలో నెత్తురు చుక్క లేదు."

"తిరగెయ్యకపోతే నిద్ర పట్టదు, సార్."

"తిరగేస్తే పడుతుందా?"

ఆవిడ రెండు రోజులు కూర్చుని అన్నీ తిరగేసింది. గీత తెంచి వదిలినవాళ్లు ముగ్గురే. కలిపిన తొంభైమందికి మార్కులు తగ్గాయి; మిగతావాళ్లది మొదట్నుంచీ తప్పే. తరగతిలో తల వంచి, తప్పు తనదేనని చెప్పింది.

"తప్పు టీచర్‌ది, పోయే మార్కులు మావి. బాగుంది," అంది వెనక బెంచీ నుంచి ఒకమ్మాయి. ఎవరూ నవ్వలేదు.

దాఉన్ పక్కన కూర్చునే సొరిన్‌కి గ్రేడు ఒక మెట్టు పడిపోయింది. మర్నాడు భోజనాల గదిలో సొరిన్ తన పళ్లెం పట్టుకుని వేరే బల్లకి వెళ్లిపోయింది. అది చూసి సుగ్యోంగ్ వచ్చి దాఉన్ ఎదురుగా కూర్చుంది.

"అడక్కుండా ఉండాల్సింది, టీచర్."

"ఆ రోజు నువ్వొచ్చి నిలబడినప్పుడు నేనూ అదే అనుకున్నానమ్మా," అంది సుగ్యోంగ్ కళ్లు నులుముకుంటూ. "తిను. సూప్ చల్లారిపోతోంది."