నురగ వచ్చేదాకా

ఎస్తేరమ్మ వాషింగ్ మెషీనులోకి భుజాలదాకా వంగి పాత టూత్‌బ్రష్‌తో తొట్టి అంచులు రుద్దుతోంది. నిన్న నిమ్మరసం పోసింది. పొద్దున వేడినీళ్లలో సోడా కలిపి పోసింది. కొంగుతో ముఖం తుడుచుకుని మళ్లీ తల లోపల పెట్టి వాసన చూసింది. అదే కంపు.

ఇరవై రెండేళ్లుగా షెడ్డులో రొయ్యల తలలు తుంచుతున్న మనిషి. ఐసునీళ్లలో నాని నాని వేళ్ల చివర్లు ఎప్పుడూ పాలిపోయి, ముడతలు పడి ఉంటాయి. భర్త హెబ్రోను కామెర్లతో పోయిన నాలుగో రోజే ఆ చేతులు మళ్లీ ఐసులో మునిగాయి. షెడ్డులో ఆమెను పొగిడినవాళ్లు లేరు, తిట్టినవాళ్లూ లేరు. ఆదివారం చర్చిలో గుమ్మం పక్కనే కూర్చుంటుంది. అక్కడైతే గాలి వస్తుందని చెబుతుంది.

ఇవాళ నాలుగు గంటల బస్సుకు కూతురు షారన్ వెళ్లిపోతోంది, చెన్నైలో నర్సు చదువుకి. కొత్తగా కుట్టించిన మూడు తెల్ల యూనిఫారాలూ నిన్న ఈ మెషీనులో వేసి తీస్తే అదే కంపు. హాస్టలు గదిలో నలుగురుంటారట. కిందటేడు ఇందుకూరుపేట బస్టాపులో, షారన్ పక్కన నిలబడిన పిల్లలు చున్నీలు ముక్కుకి అడ్డం పెట్టుకోవడం ఎస్తేరమ్మ దూరం నుంచి చూసింది. షారన్ నేలచూపులు చూస్తూ నిలబడింది. ఇంటికొచ్చి ఏమీ చెప్పలేదు. ఈమె అడగలేదు.

"ఏందక్కా, మిషన్లోనే కాపురం పెడతావా?" పక్కింటి షబానా స్క్రూడ్రైవరుతో వచ్చింది. మొగుడు ఆసిమ్ మెకానిక్కు. చూసి చూసి ఆమెకూ పని పట్టుబడింది.

"కంపు పోవడం ల్యా షబానా. బిడ్డ దీన్ని చెన్నైదాకా మోసుకోని పోవాల్నా?"

షబానా తొట్టి అడుగున తిరిగే చక్రం మర ఊడదీసి పైకెత్తింది. దాని కింద బూడిదరంగు జిగురు, విరిగిన పాలలా, అంగుళం మందాన పేరుకుని ఉంది. ఇద్దరూ ముక్కులు మూసుకున్నారు.

"రొయ్యలు కాదక్కా ఇది, సబ్బు. పొడి ఎంతేస్తావు?"

"నురగ వచ్చేదాకా."

"మన బోరు ఉప్పు కషాయం. దాంట్లో నురగ యాడ నుంచి వస్తది, డబ్బా మొత్తం పోసినా? అదంతా కిందకి దిగి కుళ్లింది. పైగా మూత మూసిపెడతావు, మిషనుకి చలేసినట్టు!"

ఎస్తేరమ్మ నురగ కనబడితేనే శుభ్రమనుకుంది. వాసన వచ్చినకొద్దీ ఇంకో పిడికెడు వేసింది.

"ఇన్నేళ్లూ నా చేతుల కంపే అనుకున్నా" అంది మెల్లగా.

షబానా గరిటె తెచ్చి గీకడం మొదలుపెట్టింది.

కడిగాక, తాగే మంచినీళ్లు రెండు క్యాన్లు తొట్టిలో పోసి, ఒక్క చెంచా పొడి వేశారు. నురగ పలచగా తేలింది. ఎస్తేరమ్మ చెయ్యి దానంతటదే పొడిడబ్బా మీదికి పోతే షబానా చటుక్కున కొట్టింది.

యూనిఫారాలు సముద్రపు గాలికి మధ్యాహ్నానికల్లా ఆరాయి. ఎస్తేరమ్మకి తన ముక్కు మీద నమ్మకం లేదు. షబానా చేత వాసన చూపించింది. తర్వాత షారన్‌కిచ్చింది. ఆ పిల్ల మడతలు పెడుతూ పెడుతూ, ఒకదాంట్లో ముఖం దాచుకుని కాసేపు అట్లాగే నిలబడింది.

"ఏం చేసినావుమా?"

"ఏం ల్యా. పొడి తగ్గించినా."

బస్సులో షారన్‌కి కిటికీ పక్కన సీటు దొరికింది. ఎవరో పిల్ల ఎక్కి, ఆమె పక్కనే కూర్చుంది. బ్యాగు ఒళ్లో పెట్టుకుని, షారన్ భుజానికి ఆనుకుని ఫోను చూసుకోసాగింది. ఎస్తేరమ్మ ఆ పిల్ల ముఖమే చూస్తూ ఉంది, కూతురు చెయ్యి ఊపుతున్నా గమనించకుండా. బస్సు కదిలాక గబగబా చెయ్యెత్తింది.

ఇంటికొచ్చి, మెషీను మూత తెరిచే ఉంచింది. షారన్ పుస్తకాలు తీసుకుపోయిన అలమర ఖాళీగా ఉంటే తుడుద్దామని గుడ్డ తెచ్చింది. వెనకవైపు, ఇన్నాళ్లూ పుస్తకాల చాటున ఉన్న చోట, గోడకి ఆనించి, చిన్న చిన్న సెంటు సీసాలు వరసగా ఉన్నాయి. ఐదు ఖాళీవి, ఆరోదాని అడుగున కాస్త మిగిలి ఉంది, మూత గట్టిగా బిగించి ఉంది.