మేస్త్రి నీళ్ళు పట్టిన ఆర్కిడ్

మేస్త్రి నోట్లోంచి మాట రావడం కంటే ఎండిన గోడలోంచి మేకు ఊడిరావడం తేలిక. నలభై ఏళ్ళు ఇళ్ళు కట్టాడు. మోకాళ్ళు మొరాయించాక ఒకరోజు తాపీని కడిగి, తుడిచి, నూనె రాసి గూట్లో పెట్టేశాడు. ఆ రోజు కూడా ఏమీ అనలేదు. ఆయన వాటా మాటలు కూడా ఆయన భార్యే మాట్లాడేసేది.

కోడలు ఇంటికొచ్చి ఏడు నెలలైంది. ఆసుపత్రిలో రక్తపరీక్షలు చేసే ఉద్యోగం ఆమెది. ఆమె కూడా తక్కువ మాటల మనిషే. ఈ ఏడు నెలల్లో మామాకోడళ్ళు మాట్లాడుకున్నదంతా కలిపి రాస్తే అగ్గిపెట్టె మీద పట్టేస్తుంది. "టీ తాగారా మామయ్యా?" "ఆఁ." అంతే.

అలాంటి పిల్ల ఆరు వారాల శిక్షణకని వేరే ఊరు బయల్దేరుతూ, తన గదిలోంచి ఒక పూలకుండీని రెండు చేతులా పట్టుకొచ్చి ఆయన ముందు పెట్టింది. బయట తెల్ల పింగాణీ కుండీ. దాని లోపల చిల్లులున్న ప్లాస్టిక్ కుండీ. అందులో మట్టి లేదు, అన్నీ బెరడు ముక్కలే. దళసరి ఆకులు ఆరు. పూలు అప్పటికే రాలిపోయాయి.

"ఆర్కిడ్ మామయ్యా. మొదటి జీతంతో కొనుక్కున్నా. హాస్టల్ గదుల్లో కూడా నాలుగేళ్ళు నాతోనే ఉంది. మీ అబ్బాయికిస్తే మర్చిపోతారు. అత్తయ్యకిస్తే..." అని ఆగిపోయింది.

"చెప్పు చెప్పు. నా మాటలు వినీ వినీ అదే ఎండిపోతుందనేగా!" అంది అత్తగారు.

"వారానికోసారి నీళ్ళు పోస్తే చాలు మామయ్యా. మీ చేతుల్లో పెడుతున్నా."

మేస్త్రి తలూపాడు. బయటికి అంతే. లోపల మాత్రం ఆయనకి ఎవరో కొత్త ఇంటి తాళాలు చేతికిచ్చినట్టే ఉంది. ఆయన్ని నమ్మి ఇళ్ళు అప్పగించిన వాళ్ళు ఊళ్ళో చాలామందే ఉన్నారు. ఈ పిల్ల ఏదైనా అప్పగించడం మాత్రం ఇదే మొదటిసారి.

ఇక మేస్త్రి చేసిన పని వినండి.

వారానికోసారి అన్న మాట ఆయన చెవినబడింది కానీ బుర్రకెక్కలేదు. ఇల్లు కట్టించేవాళ్ళు కూడా అలాగే అంటారు. "రోజుకోసారి తడిపితే చాల్లే మేస్త్రీ, నీకెందుకు శ్రమ!" అని. అది మొహమాటం. కట్టిన గోడకి పూటపూటా నీళ్ళు పట్టకపోతే పగుళ్ళు వస్తాయని ఎరిగినవాడు మేస్త్రి ఒక్కడే. పిల్ల కూడా మామగారికి శ్రమ ఎందుకని తగ్గించి చెప్పి ఉంటుందనుకున్నాడు. పొద్దున ఒక చెంబు, మధ్యాహ్నం ఒక చెంబు, దీపాలు పెట్టే వేళకి ఒక చెంబు పోశాడు.

దానికి తోడు ఇంకోటి. బూడిదరంగు వేళ్ళు నాలుగైదు కుండీ అంచు దాటి గాల్లోకి వేలాడుతున్నాయి. స్లాబులోంచి ఇనుప చువ్వ బయటికి కనబడితే మేస్త్రికి ముద్ద దిగదు. కప్పకపోతే తుప్పు పడుతుంది మరి. పెరట్లోంచి మన్ను తెచ్చి, తడిపి, ఆ వేళ్ళని లోపలికి వంచి, పైన నున్నగా మెత్తాడు. తాపీ మళ్ళీ గూట్లోంచి దిగింది. పని చూసుకుని తనలో తనే మురిసిపోయాడు.

పదిహేను రోజులు తిరిగేసరికి ఆకులు మెత్తబడ్డాయి. ముడతలు పడి, కడిగి ఆరేసిన చేతిగుడ్డల్లా వేలాడాయి. దాహమేమోనని నాలుగో చెంబు కూడా మొదలుపెట్టాడు. ఇంకో మూడు రోజులకి కింది ఆకులు రెండు పసుపెక్కాయి.

భార్య బట్టలు మడతపెడుతూ చూసింది. "ఇదేం చోద్యమయ్యా! నువ్వు పోసేకొద్దీ అది వాడుతోంది?"

మేస్త్రి చేతిలో చెంబు ఆగిపోయింది.

రంగు వేసేకొద్దీ పెచ్చులూడే గోడలు ఆయనకి తెలుసు. పైన ఎన్ని పూతలు వేసినా లాభం లేదు. చెమ్మ కింద ఉంటుంది, పునాదిలో. ఆయన చెంబు కింద పెట్టి, పింగాణీ కుండీలోంచి లోపలి కుండీని పైకి ఎత్తాడు. అడుగున బెత్తెడు నీళ్ళు నిలిచి ఉన్నాయి. ఇటుకలు నానేసిన తొట్టి నెల్లాళ్ళు కడక్కపోతే వచ్చే కంపు గుప్పున కొట్టింది.

"అయ్యో!" అంది భార్య.

 మేస్త్రి కుండీని సంచిలో పెట్టుకుని, చెప్పులేసుకున్నాడు. ఆయన్ని ఒంటరిగా పంపితే అవతలివాడితో ఒక్క ముక్కా మాట్లాడడని భార్య కూడా వెంటబడింది.

వీధి చివర మొక్కలమ్మే ఆయనకి మీసం తప్ప ముఖం కనబడదు. కుండీని చూశాడు, మేస్త్రిని చూశాడు.

"దీన్ని పెంచుతున్నారా, ముంచుతున్నారా పెద్దాయనా?"

"అదే నేనూ అడుగుతున్నా" అంది భార్య.

"ఇది చెట్ల కొమ్మలు పట్టుకుని గాల్లో బతికే జాతి. వేళ్ళకి గాలి ఆడాలి. మీరు మన్ను మెత్తి ఊపిరాడకుండా చేశారు. వేరు కుళ్ళిపోతే నీళ్ళు తాగలేదు. అందుకే నీళ్ళలో నిలబడి కూడా దాహంతో చస్తోంది." మీసాలాయన పక్క బల్ల మీదికి చెయ్యి చూపించాడు. "దీన్ని బతికించే పాట్లు పడటం కంటే అచ్చం ఇలాంటిదే తీసుకుపోండి. ఆరాకులు, అదే రకం. పెంచినవాళ్ళకి కూడా తేడా తెలీదు."

భార్య కళ్ళు మెరిశాయి. మేస్త్రి మోచెయ్యి పట్టుకుని పక్కకి లాగింది. "తీసుకుపోదామయ్యా. పిల్ల నొచ్చుకోదు, నీ పరువూ నిలబడుతుంది."

మేస్త్రి ఆ కొత్త మొక్క ముందు చాలాసేపు నిలబడ్డాడు. ఆకులు నిగనిగలాడుతున్నాయి. చెయ్యి దానిదాకా పోయింది కూడా. ఈ పిల్ల మళ్ళీ తన చేతికి ఏమైనా ఇస్తుందా? ఇవ్వదు. దీన్ని పట్టుకుపోతే ఇస్తుంది. కానీ ఇచ్చినప్పుడల్లా తను ఏ మొహంతో పుచ్చుకోవాలి? పనిలో టైలు పగిలినా తలుపు గీసుకున్నా, ముక్కలు తీసిపెట్టి, ఇంటాయన రాగానే చేతిలో పెట్టి చెప్పడం ఆయనకి మొదటి నుంచీ అలవాటు. అందుకే తిట్లు తిన్నాడు. అందుకే మళ్ళీ మళ్ళీ పిలిచారు కూడా.

"బెరడు ముక్కలు ఇవ్వు" అన్నాడు మీసాలాయనతో. "ఏం చెయ్యాలో చెప్పు."

ఇంటికొచ్చి బల్ల మీద పాత పేపరు పరిచారు. మన్నూ, నానిపోయిన బెరడూ దులిపి, మేస్త్రి మొక్క వేళ్ళని కుళాయి కింద మెల్లగా కడిగాడు. తర్వాత ఒక్కొక్క వేరునీ రెండు వేళ్ళ మధ్య నొక్కి చూశాడు. గోడని తట్టి డొల్ల ఎక్కడుందో చెప్పే చెయ్యి అది. గట్టిగా ఉంటే బతికున్నట్టు. మెత్తగా జారి, తొక్క ఊడి లోపల దారంలా మిగిలితే పోయినట్టు. కత్తెరని స్పిరిట్‌తో తుడిచాడు, కోశాడు. మళ్ళీ తుడిచాడు, మళ్ళీ కోశాడు. ఇరవై పైచిలుకు వేళ్ళలో ఐదు మిగిలాయి.

కోసిన చోటల్లా అద్దడానికి దాల్చినచెక్క పొడి కావాలని మీసాలాయన చెప్పాడు. మళ్ళీ కుళ్ళు పట్టకుండా అట.

"మసాలా కూడానా!" అంది భార్య, డబ్బా తెచ్చిస్తూ. "వైద్యం చేస్తున్నావా, వండుతున్నావా?"

మేస్త్రి మూతి కాస్త వంకర పోయింది. అది ఆయన నవ్వు.

ఒక రోజంతా మొక్కని అలాగే గాలికి ఆరనిచ్చి, మర్నాడు కొత్త బెరడులో నిలబెట్టాడు. వెలుతురు పడి ఎండ పడని కిటికీ దగ్గర పెట్టాడు. పింగాణీ కుండీని కడిగి అటక మీద బోర్లించాడు. కోసిన వేళ్ళనీ, రాలిపోయిన రెండు పసుపు ఆకుల్నీ పేపరులో పొట్లం కట్టి గూట్లో తాపీ పక్కన పెట్టాడు.

నీళ్ళు ఎప్పుడు పొయ్యాలన్నది మాత్రం ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. తడి ఇటుకకీ ఎండు ఇటుకకీ తేడా అరచేతికి తెలుసు. రోజూ పొద్దున్నే కుండీని అరచేతిలో నిలబెట్టి తూచేవాడు. బరువుంటే దించేసేవాడు. తేలికైతే, అదీ చిల్లుల్లోంచి కనబడే వేళ్ళు బూడిదరంగుకి తిరిగితేనే, నీళ్ళు పోసి పూర్తిగా వార్చి పెట్టేవాడు.

"మనవణ్ణి ఎత్తుకున్నా ఇంత జాగ్రత్తగా ఎత్తుకోవేమో" అనేది భార్య.

నాలుగో వారం పోయి ఐదోది వచ్చింది. మిగిలిన నాలుగాకుల ముడతలు కొంచెం సర్దుకున్నాయి. ఒక మంగళవారం కాండం పక్క నుంచి బియ్యపుగింజంత ఆకుపచ్చ మొన తొంగిచూసింది. కొత్త వేరు. అది కుండీలోకి కాకుండా సూటిగా కిటికీ వైపు, గాల్లోకి బయల్దేరింది. మేస్త్రి చేతులు దురద పెట్టాయి. వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు.

కోడలు వచ్చిన రోజు గుమ్మంలో సంచి దించకముందే ఆమె కళ్ళు కిటికీ దగ్గరికి పోయాయి.

"ఈ మధ్య గాలి మారిందమ్మా, ఉక్క కూడా ఎక్కువైంది, దాంతో ఏమైందంటే..." అని అత్తగారు అందుకుంది.

"నువ్వాగు" అన్నాడు మేస్త్రి.

ముప్పై రెండేళ్ళ కాపురంలో ఆ మాట అనిపించుకోవడం మొదటిసారి కావడంతో ఆమె నిజంగానే ఆగిపోయింది.

మేస్త్రి పొట్లం తెచ్చి బల్ల మీద విప్పాడు. "రోజుకి మూడేసి, నాలుగేసి చెంబులు పోశాను. బయటి వేళ్ళకి మన్ను కప్పాను. కుళ్ళింది. ఇవన్నీ కోసేశాను. తప్పు నాదే."

కోడలు ఒక ఎండిన వేరుని గోటితో తీసి వెలుతురుకి పట్టుకుని చూసింది. పరీక్షకి వచ్చిన రక్తపు చుక్కని చూసినట్టే ఉంది ఆ చూపు.  

"మెత్తబడిందంతా తీసేశారా?"

"ఆఁ."

"కత్తెర?"

"స్పిరిట్ పెట్టి తుడిచా."

ఆమె కిటికీ దగ్గరికి వెళ్ళి వంగింది. ఆ ఆకుపచ్చ మొన దగ్గర వేలు ఆగింది.

"పోయిన మంగళవారం వచ్చింది" అన్నాడు మేస్త్రి. "కప్పలేదు."

కోడలు ఫక్కున నవ్వేసింది. కళ్ళు మాత్రం తడిగానే ఉన్నాయి. "వారానికోసారని చెప్పానుగా మామయ్యా!"

"మొహమాటానికి తగ్గించి చెప్పావనుకున్నా."

"మొహమాటమంటే ఇది కాదు మామయ్యా. అత్తయ్య టీలో నాలుగు చెంచాల పంచదార వేస్తుంటే ఏడు నెలల నుంచి గుటకలు మింగుతున్నా చూశారా, అదీ మొహమాటం."

"ఓసి నీ!" అత్తగారు బుగ్గన చెయ్యి పెట్టుకుంది. "ఏడు నెలలా? నోరెక్కడ పెట్టుకున్నావే తల్లీ! ఈ ఇంట్లో ఒక మూగ చాలదనా?" అంటూనే వంటింట్లోకి పరుగెత్తింది.

కోడలు సంచి గదిలో పెట్టి వచ్చింది. మొక్కని మాత్రం కిటికీ దగ్గరే ఉంచింది.

"ఇక్కడే ఉండనివ్వండి మామయ్యా. మీ చేతికి అలవాటు పడింది. నాక్కూడా ఆ బరువు చూడటం నేర్పండి" అంటూ కుండీని అరచేతిలో పెట్టుకుంది. "ఇప్పుడు పొయ్యాలా, ఆగాలా?"

"ఎండు ఇటుకలా ఉందా, తడి ఇటుకలా ఉందా?"

"ఇటుక బరువు నాకేం తెలుసు!"

మేస్త్రి ఒక క్షణం ఆలోచించాడు. పెరట్లోకి వెళ్ళి గోడవార నుంచి రెండు ఇటుకలు ఏరుకొచ్చాడు. ఒకదాన్ని బకెట్లో ముంచి, బుడగలు ఆగేదాకా చూసి, తీశాడు.

"చేతులు పట్టమ్మా" అన్నాడు.